హైపర్‌థైరాయిడిజంలో కండరాల బలహీనత, మింగుడు ఇబ్బంది

రక్తంలో థైరాయిడ్ హార్మోన్లు మోతాదు మించి, కండరాలు సన్నబడి సత్తువ కోల్పోయే స్థితిని థైరోటాక్సిక్ మయోపతి అంటారు. తుంటి, తొడలు, భుజాల కండరాలు మొదట దెబ్బతింటాయి. నేల మీద నుంచి లేవడం, మిద్దె మెట్లు ఎక్కడం, తల దువ్వుకోవడం కష్టమవుతాయి. కొద్దిమందిలో గొంతు కండరాలు కూడా బలహీనపడతాయి. అప్పుడు ముద్ద దిగదు, నీళ్లు తాగితే పొలమారుతుంది, మాట ముక్కుతో వస్తుంది. హార్మోన్ స్థాయిని అదుపులోకి తెస్తే ఈ బలహీనత దాదాపు పూర్తిగా పోతుంది. కండరాల జబ్బుల్లో ఇంత బాగా నయమయ్యేవి తక్కువ. అయినా గుర్తించడంలో తరచూ ఆలస్యం జరుగుతుంది. కర్నూలు, కడప వంటి మెట్ట ప్రాంతాల్లో నీరసానికి ఎండ, రక్తహీనత, ఫ్లోరైడ్ నీళ్లు, విటమిన్ డి లోపం, క్షయ, కాయకష్టం వంటి కారణాలు ముందే సిద్ధంగా ఉంటాయి. థైరాయిడ్ వాటి వెనక దాగిపోతుంది.

గ్రంథి, హార్మోన్లు

థైరాయిడ్ గ్రంథి మెడ ముందు భాగంలో, గొంతుముడికి దిగువన, శ్వాసనాళాన్ని ఆనుకుని సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. పెద్దవారిలో దీని బరువు సుమారు 15 నుంచి 25 గ్రాములు. ఆహారంలోని అయోడిన్‌తో ఇది థైరాక్సిన్ (టి4), ట్రైఅయోడోథైరోనిన్ (టి3) అనే హార్మోన్లను తయారు చేస్తుంది. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని, గర్భిణులకు 250 మైక్రోగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గ్రంథి ఎక్కువగా వదిలేది టి4. కణాల్లో అసలు పని చేసేది మాత్రం టి3.

మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌తో థైరాయిడ్‌ను నడిపిస్తుంది. రక్తంలో టి3, టి4 పెరిగితే పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తుంది. హైపర్‌థైరాయిడిజంలో గ్రంథి ఈ అదుపు తప్పి పని చేస్తుంది కాబట్టి టి3, టి4 ఎక్కువగానూ టీఎస్‌హెచ్ దాదాపు సున్నాకు దగ్గరగానూ ఉంటాయి. టీఎస్‌హెచ్ తగ్గడాన్ని జబ్బు తగ్గడంగా పొరబడే రోగులు చాలామంది ఉన్నారు. ఇక్కడ దాని అర్థం అందుకు పూర్తిగా వ్యతిరేకం.

చరిత్ర

గొంతువాపు (గాయిటర్), గుండెదడ, ఉబికిన కళ్లు కలిసి వచ్చే జబ్బును ఇంగ్లండ్‌లో కేలెబ్ ప్యారీ గమనించాడు. ఆయన రాతలు మరణానంతరం 1825లో వెలువడ్డాయి. డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ 1835లో, జర్మనీలో కార్ల్ ఫాన్ బాసెడో 1840లో దీన్ని వివరించారు. ఇంగ్లిష్ వైద్యగ్రంథాల్లో ఇది గ్రేవ్స్ వ్యాధిగా, ఐరోపాలోని పలు దేశాల్లో బాసెడో వ్యాధిగా స్థిరపడింది. ఈ జబ్బులో కండరాలు క్షీణించిన రోగిని 1895లో బాథర్స్ట్ ప్రత్యేకంగా వర్ణించాడు. హఠాత్తుగా కాళ్లూ చేతులూ పడిపోయే రూపాన్ని 1902లో రోసెన్‌ఫెల్డ్ నమోదు చేశాడు.

కండరం శక్తిని ఎలా నిల్వ చేసుకుంటుందో తెలియడంలో ఒక తెలుగువాడి పాలు ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉంటుందని 1927లో ప్రకటించాడు. కండరం ఒక్కసారిగా బిగుసుకోవడానికి అక్కరకొచ్చే తక్షణ శక్తి నిల్వ అది. థైరాయిడ్ హార్మోన్ మితిమీరినప్పుడు కండరం క్రియాటిన్‌ను పట్టి ఉంచుకోలేక మూత్రంలో పోగొట్టుకుంటుంది. హార్మోన్ పరీక్షలు రాని రోజుల్లో వైద్యులు ఈ లక్షణాన్ని గమనించి ఉంచారు.

చికిత్స వైపు చూస్తే, థైరాయిడ్ శస్త్రచికిత్సను సురక్షితంగా మలిచినందుకు స్విట్జర్లాండ్ సర్జన్ థియోడోర్ కోఖర్ 1909లో నోబెల్ బహుమతి పొందాడు. అమెరికాలో 1941లో సాల్ హెర్ట్జ్ రేడియో అయోడిన్‌ను మొదటిసారి రోగికి ఇచ్చాడు. 1943లో ఆస్ట్‌వుడ్ థైరాయిడ్ నిరోధక మందులను వాడుకలోకి తెచ్చాడు. ఇప్పటికీ చికిత్స ఈ మూడు దారుల్లోనే నడుస్తోంది.

కారణాలు

హార్మోన్ ఎక్కువ కావడానికి అన్నిటికంటే సాధారణమైన కారణం గ్రేవ్స్ వ్యాధి. శరీర రోగనిరోధక వ్యవస్థ తయారు చేసిన యాంటీబాడీలు టీఎస్‌హెచ్ చేయాల్సిన పనిని చేస్తూ గ్రంథిని అదేపనిగా ప్రేరేపిస్తాయి. ఇది మగవారి కంటే ఆడవారిలో ఎన్నో రెట్లు ఎక్కువ. ఇరవై నుంచి యాభై ఏళ్ల మధ్య వయసులో తరచుగా మొదలవుతుంది. పొగతాగేవారికి ముప్పు ఎక్కువ, కళ్లు దెబ్బతినే అవకాశమూ ఎక్కువే. వయసు మళ్లినవారిలో, ఏళ్ల తరబడి ఉన్న గొంతువాపులోని గడ్డలు సొంతంగా హార్మోన్ వదలడం మరో కారణం. వైరస్ జ్వరం తర్వాత గానీ కాన్పు తర్వాత గానీ గ్రంథి వాచి (థైరాయిడైటిస్), నిల్వ హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి రావచ్చు. ఇది కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. గుండె లయ కోసం వాడే అమియోడరోన్ వల్ల, హైపోథైరాయిడిజానికి ఇచ్చిన థైరాక్సిన్ మాత్రల మోతాదు పెరగడం వల్ల కూడా ఇదే స్థితి వస్తుంది.

మన దేశంలో థైరాయిడ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది హార్మోన్ తగ్గే జబ్బు. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దల్లో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం కనిపించింది. హైపర్‌థైరాయిడిజం అంతకంటే చాలా తక్కువ. కొచ్చిలో చేసిన సర్వేలో స్పష్టమైన జబ్బు 1.3 శాతం మందిలో, పరీక్షల్లో మాత్రమే బయటపడే తొలి దశ 1.6 శాతం మందిలో తేలింది. అందుకే థైరాయిడ్ ఉంటే లావెక్కుతారన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. చిక్కిపోతున్న మనిషికి థైరాయిడ్ పరీక్ష చేయించాలన్న ఆలోచన ఆలస్యంగా వస్తుంది.

ఉప్పు సంగతి విడిగా చెప్పుకోవాలి. భారత ప్రభుత్వం 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించి, 1992లో దాన్ని అయోడిన్ లోప వ్యాధుల నియంత్రణ కార్యక్రమంగా మార్చింది. 2006లో అయోడిన్ లేని ఉప్పును వంటకు అమ్మడంపై దేశమంతటా నిషేధం తెచ్చింది. ఇంటికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలి. అయోడిన్ ఉప్పు వాడకంలో ఆంధ్రప్రదేశ్ దేశ సగటు కంటే వెనకబడి ఉంది. పచ్చళ్లకు, పశువులకు, చాలా ఇళ్లలో వంటకు కూడా రాళ్లుప్పు వాడే అలవాటు ఇంకా ఉంది. చాలాకాలం అయోడిన్ లోపంతో గడ్డలు కట్టిన గ్రంథికి ఒక్కసారిగా అయోడిన్ అందితే కొందరు వయోధికుల్లో హైపర్‌థైరాయిడిజం బయటపడుతుంది. 1960లలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో రొట్టెలో అయోడిన్ కలపడం మొదలుపెట్టినప్పుడు ఇలాగే జరిగింది. ఈ పెరుగుదల కొన్నేళ్లలో తగ్గిపోతుంది. అయోడిన్ ఉప్పు మానేయడానికి ఇది కారణం కాకూడదు. పుట్టబోయే బిడ్డ మెదడు ఎదుగుదలకు అయోడిన్ తప్పనిసరి.

కండరంలో జరిగే మార్పులు

మితిమీరిన టి3 కండరాన్ని పలు వైపుల నుంచి దెబ్బతీస్తుంది. మొదటిది మాంసకృత్తుల నష్టం. కండర ప్రోటీన్ తయారీ, విచ్ఛిన్నం రెండూ పెరుగుతాయి గానీ విచ్ఛిన్నమే పైచేయి అవుతుంది. తిండి బాగా తింటున్నా కండ కరిగిపోవడానికి కారణం ఇదే. రెండోది శక్తి వృథా. మైటోకాండ్రియా ఎక్కువ ఆక్సిజన్ వాడుకుని, అందులో పెద్ద భాగాన్ని వేడిగా మార్చేస్తాయి. గ్లైకోజెన్, ఫాస్ఫోక్రియాటిన్ నిల్వలు తొందరగా అడుగంటుతాయి. మూడోది కండర తంతువుల స్వభావంలో మార్పు. నిదానంగా, ఎక్కువసేపు పని చేసే తంతువులు వేగంగా బిగిసి వేగంగా అలసిపోయే రకానికి మారతాయి. కణాల్లోకి పొటాషియంను తోసే పంపులు పెరగడం నాలుగోది. హఠాత్ పక్షవాతానికి దారి తీసేది ఈ మార్పే.

ఇంత జరుగుతున్నా కండర కణాలు పగిలిపోవు. అందుకే కండరాల జబ్బును పసిగట్టడానికి సాధారణంగా చేసే క్రియాటిన్ కైనేజ్ పరీక్షలో విలువ మామూలుగానే, ఒక్కోసారి మామూలు కంటే తక్కువగానే వస్తుంది. ఆ ఒక్క ఫలితం చూసి కండరాల్లో ఏ లోపమూ లేదని తేల్చేస్తే జబ్బు చేజారిపోతుంది.

కాళ్లూ చేతుల బలహీనత

నెదర్లాండ్స్‌లో జరిపి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స మొదలుకాని హైపర్‌థైరాయిడిజం రోగుల్లో 67 శాతం మంది కండరాలకు సంబంధించిన బాధలు చెప్పారు. పరీక్షించి చూస్తే 62 శాతం మందిలో ఏదో ఒక కండర సమూహం బలహీనంగా ఉంది. అంటే ఈ బలహీనత అరుదేమీ కాదు. రోగి ముందుగా దడ, వణుకు, చెమటల గురించే చెబుతాడు కాబట్టి దీన్ని అడిగి తెలుసుకోవాల్సి వస్తుంది.

తుంటిని మడిచే కండరాలు, తొడ ముందు కండరాలు అన్నిటికంటే ముందు లొంగిపోతాయి. వేరుశనగ చేలో కూర్చుని కాయలు కోసే మనిషి పక్కనున్నవాళ్ల భుజం పట్టుకుని లేస్తుంది. బస్సు మెట్టు ఎక్కడానికి కమ్మీ పట్టుకుని ఒళ్లు పైకి లాక్కోవాల్సి వస్తుంది. నీళ్ల బిందెను నడుముకు ఎత్తుకోగలిగినవారు తలకు ఎత్తుకోలేరు. భుజాల చుట్టూ కండ తగ్గి రెక్కల ఎముకలు బయటపడతాయి. పిడికిలి పట్టు మాత్రం చాలావరకు నిలుస్తుంది. స్పర్శ చెడదు, తిమ్మిర్లు ఉండవు. మోకాలి కింద సుత్తితో తడితే కాలు మామూలు కంటే చురుగ్గా ఎగురుతుంది.

వైద్యులు చేసే పరీక్ష చాలా తేలిక. రోగిని గొంతుక్కూర్చోమని, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఎక్కడా పట్టుకోకుండా లేవమంటారు. తొడల్లో బలం లేనివారు సగం లేచి ఆగిపోతారు, లేదా చేతులు విడిపించుకుని మోకాళ్ల మీద ఆనించి నెట్టుకుంటూ లేస్తారు. చేతులు ముందుకు చాపించి వేళ్ల మీద కాగితం పెడితే సన్నటి వణుకు కనబడుతుంది. నాడి పడుకున్నప్పుడు కూడా నిమిషానికి 90, 100 దాటుతుంది.

ముసలివారిలో ఈ హడావిడి లక్షణాలు కనబడకపోవచ్చు. దడ, చిరాకుల బదులు స్తబ్దత, నిరాసక్తత, బరువు తగ్గడం, గుండె లయ తప్పడం ఉంటాయి. అమెరికా సర్జన్ ఫ్రాంక్ లేహీ 1931లో ఈ రూపాన్ని వివరించాడు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందని సరిపెట్టుకునేది ఎక్కువగా ఇలాంటి రోగుల విషయంలోనే.

మింగుడు ఇబ్బంది

ఒక గుటక వెనక ముప్పైకి పైగా కండరాలు వరుస తప్పకుండా పని చేస్తాయి. నాలుక ముద్దను వెనక్కి నెట్టగానే మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. స్వరపేటిక పైకి జరిగి శ్వాసనాళం మూసుకుంటుంది. గొంతు కండరాలు ముద్దను అన్నవాహికలోకి తోస్తాయి. ఇదంతా సుమారు ఒక సెకనులో ముగుస్తుంది. గొంతు కండరాలు, సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న అన్నవాహికలోని పై భాగం కాళ్లూ చేతుల కండరాల జాతికే చెందినవి. అందుకే థైరోటాక్సిక్ మయోపతి గొంతుదాకా రాగలదు. ఇలా రావడం అరుదు. వచ్చినప్పుడు చాలావరకు కాళ్లూ చేతుల బలహీనత ముందే ఉంటుంది. ఎప్పుడో గానీ మింగుడు ఇబ్బందే మొదటి లక్షణంగా బయటపడదు.

గొంతు కండరాల బలహీనతకు కొన్ని గుర్తులున్నాయి. పలుచటి ద్రవాలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. నీళ్లు, మజ్జిగ తాగితే పొలమారుతుంది, ఒక్కోసారి ముక్కులోంచి బయటికి వస్తాయి. జొన్నరొట్టె నమిలినా గొంతులో నిలిచి, రెండు మూడు గుటకలు వేస్తేగానీ దిగదు. భోజనం మామూలు కంటే చాలాసేపు పడుతుంది. గొంతు తడిగా గురగురమంటుంది, మాట ముక్కుతో వస్తుంది, గట్టిగా దగ్గడానికి బలం చాలదు. ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావడమే ఇందులో పెద్ద ప్రమాదం. మళ్లీ మళ్లీ జ్వరం, దగ్గు, కఫం వస్తున్న రోగికి మింగడం ఎలా ఉందో అడగాల్సిందే.

హైపర్‌థైరాయిడిజం ఉన్నవారిలో మింగుడు ఇబ్బందికి వేరే కారణాలూ ఉంటాయి. పెద్ద గొంతువాపు, ముఖ్యంగా ఛాతీ ఎముక వెనక్కి దిగినది, అన్నవాహికను నొక్కితే గట్టి ఆహారం ఆగుతుంది గానీ ద్రవాలు దిగుతాయి. అలాంటి రోగిని రెండు చేతులూ తలపైకి ఎత్తి కాసేపు ఉంచమంటే ముఖం కందిపోయి, మెడ నరాలు ఉబ్బి, ఊపిరి బరువెక్కుతుంది. రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గినా గొంతు కండరాలు నీరసిస్తాయి. అన్నిటికంటే తప్పనిసరిగా గుర్తుంచుకోవాల్సింది మయస్తీనియా గ్రేవిస్. ఇది నరానికీ కండరానికీ మధ్య సంకేతం అందకుండా చేసే మరో రోగనిరోధక జబ్బు. ఇది గ్రేవ్స్ వ్యాధితో కలిసి కూడా వస్తుంది. రెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనబడటం, పొద్దున బాగుండి సాయంత్రానికి మాట, నమలడం, మింగడం క్షీణించడం దీని లక్షణాలు. దడ తగ్గించడానికి థైరాయిడ్ రోగులకు ఇచ్చే ప్రొప్రనొలోల్ మయస్తీనియాను ముదిరేలా చేయగలదు. కాబట్టి రెప్పలు వాలుతున్న రోగికి ఆ మాత్ర రాసే ముందు ఈ జబ్బు ఉందేమో తేల్చుకోవాలి.

హఠాత్ పక్షవాతం

థైరోటాక్సిక్ పీరియాడిక్ పెరాలసిస్ అనే రూపం ఆసియా మగవారిలో, ఇరవై నుంచి నలభై ఏళ్ల వయసువారిలో ఎక్కువ. హైపర్‌థైరాయిడిజం ఎక్కువగా ఆడవారికి వచ్చే జబ్బయినా, ఈ పక్షవాతం మాత్రం మగవారిలో అనేక రెట్లు అధికం. సాధారణంగా ముందురోజు ఒళ్లు విరుచుకుని పని చేసి ఉంటారు, లేదా పండగనాడు భక్ష్యాలు, పరమాన్నం కడుపునిండా తిని పడుకుని ఉంటారు. తెల్లవారుజామున లేవబోతే కాళ్లు కదలవు. స్పృహ, స్పర్శ సరిగానే ఉంటాయి. రక్తంలో పొటాషియం మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ ఉండాలి. అది 3 కంటే దిగువకు, కొందరిలో 2 కంటే దిగువకు పడిపోతుంది. పిండిపదార్థం తిన్నాక పెరిగిన ఇన్సులిన్, థైరాయిడ్ హార్మోన్ కలిసి పొటాషియంను రక్తం నుంచి కండరంలోకి తోసేయడం దీనికి మూలం. కండరంలోని పొటాషియం ద్వారాల్లో ఒకదానికి చెందిన జన్యులోపం కొందరు రోగుల్లో ఉందని 2010లో తేలింది.

కాళ్లు పడిపోయినవాడికి సత్తువ రావాలని గ్లూకోజ్ సీసా ఎక్కించమని అడగడం ఊళ్లలో పరిపాటి. ఈ జబ్బులో అది చేటు చేస్తుంది. గ్లూకోజ్ వల్ల ఇన్సులిన్ పెరిగి పొటాషియం ఇంకా పడిపోతుంది, గుండె లయ తప్పవచ్చు. సరైన మందు పొటాషియమే. దాన్ని కూడా రక్తపరీక్షలు, ఈసీజీ చూస్తూ ఆచితూచి ఇవ్వాలి. దాడి తగ్గేటప్పుడు కండరాల్లోని పొటాషియం తిరిగి రక్తంలోకి వచ్చి స్థాయి మితిమీరే ప్రమాదం ఉంది. థైరాయిడ్ హార్మోన్ మామూలు స్థాయికి వస్తే ఈ దాడులు ఆగిపోతాయి.

రాయలసీమలో గుర్తించడంలో చిక్కులు

రాయలసీమ మెట్టలో బలహీనతకు దారితీసే ఇతర స్థితులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని థైరోటాక్సిక్ మయోపతికి చాలా దగ్గరగా కనబడతాయి.

వేసవి: కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. వేడికి ఓర్చలేకపోవడం, చెమటలు, దాహం, నీరసం ఎండ ఖాతాలోకి పోతాయి. వానలు పడ్డాక కూడా అవే లక్షణాలు కొనసాగితే థైరాయిడ్ పరీక్ష అవసరం.

విటమిన్ డి లోపం: ఇంత ఎండ ఉన్న నేల మీద కూడా ఈ లోపం విస్తారంగా ఉందని తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ (స్విమ్స్) పరిశోధకులు 2000 దశకంలో చూపారు. ఇందులోనూ తొడల బలం తగ్గి నేల మీద నుంచి లేవలేరు. ఎముకల నొప్పి, ఊగుతూ నడవడం తోడుంటాయి. దడ, వణుకు ఉండవు.

ఫ్లోరోసిస్: నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో 1937లో శాస్త్రీయంగా నమోదైన ఈ జబ్బు కర్నూలు, కడప ప్రాంతాల్లోని బోరునీళ్ల గ్రామాల్లోనూ ఉంది. మెడ, నడుము బిగుసుకుపోయి గొంతుక్కూర్చోవడమే కష్టమవుతుంది. మచ్చలు పడ్డ పళ్లు, వంగని వెన్ను దీన్ని పట్టిస్తాయి.

క్షయ, మధుమేహం: రెండింటిలోనూ మనిషి చిక్కిపోతాడు. క్షయలో ఆకలి చస్తుంది. హైపర్‌థైరాయిడిజంలో ఆకలి పెరుగుతూనే బరువు తగ్గుతుంది. అదుపు తప్పిన మధుమేహంలోనూ ఆకలి పెరుగుతుంది కాబట్టి చక్కెర పరీక్ష తప్పదు.

స్టెరాయిడ్ మాత్రలు: ఆయాసానికి, కీళ్లనొప్పులకు నెలల తరబడి స్టెరాయిడ్లు వాడినవారిలోనూ తొడల కండ కరుగుతుంది, క్రియాటిన్ కైనేజ్ మామూలుగానే ఉంటుంది. గుండ్రబడిన ముఖం, పలుచబడిన చర్మం తేడా చెబుతాయి.

పురుగుమందులు: పత్తి, మిరప చేలలో వాడే ఆర్గానోఫాస్ఫేట్ మందుల విషప్రభావం తగ్గుముఖం పట్టాక, ఒకటి నుంచి నాలుగు రోజుల్లో మెడ, గొంతు, శ్వాస కండరాలు బలహీనపడవచ్చు. మందు తాకిడి గురించి అడిగితే తెలుస్తుంది.

కట్లపాము కాటు: రాత్రి నేల మీద పడుకున్నవారిని కరిచి, నొప్పి గానీ వాపు గానీ లేకుండా తెల్లారేసరికి పక్షవాతం తెస్తుంది. ఇందులో ముందుగా రెప్పలు వాలతాయి, మింగుడు పడదు, తర్వాత శ్వాస తగ్గుతుంది. థైరాయిడ్ వల్ల వచ్చే హఠాత్ పక్షవాతంలో కాళ్లు ముందుగా పడిపోతాయి, రెప్పలు, మింగుడు, శ్వాస సాధారణంగా నిలుస్తాయి. పొద్దున్నే కదలలేని యువకుడిని 108 అంబులెన్స్‌లో తెచ్చినప్పుడు వైద్యుడు మొదట చూసే తేడాల్లో ఇదొకటి.

నిర్ధారణ

మొదటి పరీక్ష టీఎస్‌హెచ్. అది బాగా తగ్గి ఉంటే ఫ్రీ టి4, టి3 చూస్తారు. గ్రేవ్స్ వ్యాధి అని తేల్చడానికి టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీలు, గడ్డల కోసం అల్ట్రాసౌండ్, గ్రంథి చురుకుదనం తెలియడానికి టెక్నీషియం స్కాన్ ఉన్నాయి. గ్రేవ్స్‌లో స్కాన్ నిండుగా వెలుగుతుంది. థైరాయిడైటిస్‌లో దాదాపు ఏమీ కనిపించదు. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే థైరాయిడైటిస్‌కు థైరాయిడ్ నిరోధక మందులు పని చేయవు. జుట్టు, గోళ్ల కోసం ఎక్కువ మోతాదు బయోటిన్ వాడేవారిలో కొన్ని ల్యాబ్ పద్ధతులు లేని హైపర్‌థైరాయిడిజాన్ని చూపిస్తాయి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపాలి.

బలహీనత ఉన్నవారికి పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం, విటమిన్ డి, క్రియాటిన్ కైనేజ్, ఈసీజీ తోడవుతాయి. కండరాల విద్యుత్ పరీక్షలో చిన్న, తక్కువ నిడివి సంకేతాలు కనిపిస్తాయి. మింగుడు కోసం బేరియం తాగించి ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదా ముక్కు ద్వారా సన్నటి ఎండోస్కోపు పంపి గుటకను నేరుగా చూస్తారు. మయస్తీనియా అనుమానం ఉంటే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీలు చూడాలి.

1956లో ఏర్పడిన కర్నూలు వైద్య కళాశాల అనుబంధ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి రాయలసీమ పల్లెలతో పాటు పొరుగున ఉన్న తెలంగాణ, కర్ణాటక ప్రాంతాల నుంచీ రోగులు వస్తారు. కడపలో 2006లో రిమ్స్ మొదలైంది. ఎండోక్రైనాలజీ, న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్న తిరుపతి స్విమ్స్ కడపకు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. కర్నూలు రోగులు సుమారు 210 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు వెళుతుంటారు. మింగలేకపోతున్న, ఊపిరి అందని, జ్వరంతో గందరగోళంగా మాట్లాడుతున్న రోగిని ఔట్‌పేషెంట్ వరుసలో వేచి ఉంచకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

చికిత్స

చికిత్స లక్ష్యం హార్మోన్‌ను మామూలు స్థాయికి తేవడమే. కండరానికి వేరే మందంటూ లేదు. మన దేశంలో ఎక్కువగా వాడేది కార్బిమజోల్. శరీరంలో ఇది మెథిమజోల్‌గా మారి కొత్త హార్మోన్ తయారీని అడ్డుకుంటుంది. గ్రంథిలో ముందే నిల్వ ఉన్న హార్మోన్ ఖర్చవ్వాలి కాబట్టి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా దడ, వణుకు తగ్గించడానికి ఆయాసం, మయస్తీనియా లేనివారికి ప్రొప్రనొలోల్ ఇస్తారు. గర్భం తొలి మూడు నెలల్లో కార్బిమజోల్ బదులు ప్రొపైల్‌థయోయురాసిల్ వాడతారు.

గ్రేవ్స్ వ్యాధికి మందులు సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడాలి. ఆపాక దాదాపు సగం మందిలో జబ్బు తిరగబెడుతుంది. వెయ్యిమందిలో కొద్దిమందికి ఈ మందుల వల్ల తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, అదీ ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. మింగుడు ఇబ్బంది ఉన్నవారు కొత్తగా వచ్చిన గొంతునొప్పిని పాత బాధేననుకుని వదిలేయకూడదు.

జబ్బు తిరగబెట్టినవారికి, గడ్డల వల్ల వచ్చినవారికి రేడియో అయోడిన్ మంచి మార్గం. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది ఇవ్వరు. కళ్ల జబ్బు ఎక్కువగా ఉన్నవారిలో జాగ్రత్త కావాలి. అన్నవాహికను, శ్వాసనాళాన్ని నొక్కుతున్న పెద్ద గొంతువాపుకు శస్త్రచికిత్స మేలు. దానికి ముందు మందులతో హార్మోన్‌ను అదుపులోకి తేవాలి. ఈ రెండు మార్గాల తర్వాత చాలామంది జీవితాంతం థైరాక్సిన్ మాత్ర వేసుకోవాల్సి ఉంటుంది.

ఆహారం, సంరక్షణ

మింగుడు తీవ్రంగా దెబ్బతిన్నవారికి ముక్కు ద్వారా కడుపులోకి గొట్టం వేసి ఆహారంతో పాటు పొడి చేసిన మాత్రలు కూడా దాని ద్వారానే ఇస్తారు. మందు ఆగకుండా అందడానికి ఇదే దారి. తేలికపాటి ఇబ్బంది ఉన్నవారు నిటారుగా కూర్చుని, చిన్న ముద్దలతో, గడ్డం కొద్దిగా కిందికి వంచి మింగాలి. ముద్ద దిగాక మరో ఉత్తి గుటక వేయాలి. తిన్న తర్వాత అరగంట పడుకోకూడదు. పలుచటి నీళ్లు పొలమారేవారికి చిక్కటి రాగిజావ, మెత్తగా కలిపిన పెరుగన్నం, జారుగా వండిన సంగటి తేలిక. పొడిపొడిగా ఉండే జొన్నరొట్టె, వేరుశనగ పప్పులు, మురుకులు కొన్నాళ్లు పక్కనబెట్టాలి. మాట్లాడుతూ తినడం, తలెత్తి చెంబుతో నీళ్లు గొంతులో పోసుకోవడం మానాలి. కరిగిన కండ తిరిగి రావడానికి పప్పు, గుడ్లు, పాలు, మాంసం వంటి మాంసకృత్తులు బాగా అందాలి. హార్మోన్ అదుపులోకి వచ్చేవరకు బరువులెత్తడం, కఠిన వ్యాయామం తగవు. ఆ తర్వాత నెమ్మదిగా పెంచుకోవచ్చు.

కోలుకోవడం

నెదర్లాండ్స్ అధ్యయనంలో చికిత్స మొదలైన సగటున 3.6 నెలల్లో కండరాల బలం తిరిగి వచ్చింది. మింగుడు కూడా హార్మోన్ తగ్గుతున్నకొద్దీ కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో మెరుగుపడుతుంది. హార్మోన్ మామూలుకు వచ్చి నెలలు గడిచినా బలం రాకపోతే మయస్తీనియా, విటమిన్ డి లోపం వంటి రెండో కారణాన్ని వెతకాలి.

కోలుకునే దారిలో పెద్ద ఆటంకం మందు మధ్యలో ఆగిపోవడం. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి పంటలు ముగిశాక కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు, హైదరాబాద్, బెంగళూరు భవన నిర్మాణ పనులకు వలస పోతాయి. దడ తగ్గి, ఒంట్లో కాస్త బలం రాగానే మాత్ర అక్కర్లేదనిపిస్తుంది. అలా ఆపేస్తే జబ్బు తిరిగి వస్తుంది. ఎక్కువ మోతాదును పరీక్షలు లేకుండా కొనసాగించినా చిక్కే. గ్రంథి మరీ మందగించి హైపోథైరాయిడిజం వస్తుంది, దానివల్లా కండరాలు నొప్పి పెట్టి బలహీనపడతాయి. ఆ స్థితిలో క్రియాటిన్ కైనేజ్ పెరుగుతుంది, మోకాలి ప్రతిచర్య మందగిస్తుంది. అందుకే మొదట్లో నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి ఫ్రీ టి4, టీఎస్‌హెచ్ చూసి మోతాదు సరిచేస్తారు. వలస వెళ్లేవారు రిపోర్టులు, మందు చీటీ వెంట తీసుకెళితే ఏ ఊళ్లోని ప్రభుత్వాస్పత్రిలోనైనా చికిత్సను ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు.